అరియలూరు క్రిటేషియస్ శిలల్లోని ఆల్చిప్పల శిలాజాలు: ప్రజాతి, కుటుంబం ఎలా నిర్ణయించాలి?

ప్రశ్న – శిలారేఖ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నేను భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్షేత్ర పర్యటనలో భాగంగా మా తరగతి తమిళనాడులోని అరియలూరు, పెరంబలూరు జిల్లాలకు వెళ్లి, కావేరీ బేసిన్‌కు చెందిన క్రిటేషియస్ (డైనోసార్లు బతికిన చివరి భూకాలం) సముద్ర శిలలను చూసి వచ్చింది. అనుమతి తీసుకుని ఒక సున్నపురాయి గనిలోనూ, మరికొన్ని చోట్లా సేకరించిన నమూనాలలో రెండు చిప్పల జీవుల శిలాజాలను వర్గీకరించే పని నాకు అప్పగించారు. వాటిలో మూడు రకాల దగ్గర ఆగిపోయాను.

మొదటిది కల్లంకురిచ్చి సున్నపురాయిలోనిది. పిడికిలంత పరిమాణంలో, బాగా మందంగా, ఒక చిప్ప లోతుగా ఉబ్బి, రెండోది దాదాపు బల్లపరుపుగా ఉంది. ఇలాంటిదే మా విభాగపు మ్యూజియంలో ‘గ్రైఫియా వెసిక్యులారిస్’ అన్న పాత చీటీతో ఉంది; ఈమధ్య వచ్చిన పరిశోధన పత్రాలేమో దీన్నే ‘పిక్నోడాంటే’ అంటున్నాయి. రెండోది అదే సున్నపురాయిలో దొరికిన పలకల్లాంటి ముక్కలు. ఎక్కడా పూర్తి చిప్ప లేదు, విరిగిన అంచున మాత్రం ఉపరితలానికి నిలువుగా సన్నని పోగులు కనిపిస్తున్నాయి. ఇవి శిలాజాలే కావని, జిప్సం పొరలని నా సహాధ్యాయులు వాదిస్తున్నారు. మూడోది గరుడమంగళం ఇసుకరాయిలోనిది: త్రికోణాకారం, పైన పక్కటెముకల్లాంటి గీతలు ఉన్నాయి కానీ చిప్ప పదార్థం ఏమాత్రం మిగలలేదు. ఇది ట్రైగోనియా అని గని దగ్గర ఒకరు చెప్పారు.

పాఠ్యపుస్తకంలో కీలు పళ్లను (రెండు చిప్పలు కలిసే చోట ఉండే పళ్లలాంటి గట్లను) బట్టి టాక్సోడాంట్, హెటిరోడాంట్, స్కిజోడాంట్, డిసోడాంట్ అంటూ విభజించారు. నా మొదటి నమూనాకు అసలు పళ్లే లేవు, రెండోదానికి కీలే దొరకలేదు, మూడోదానికి చిప్పే లేదు. ఇలాంటప్పుడు కీలు ఆధారంగా వర్గీకరణ ఎలా మొదలుపెట్టాలి? నా సిద్ధాంత వ్యాసంలో పాత పద్ధతిని అనుసరించాలా, కొత్తదాన్నా? మరొక్క సందేహం: రాజమండ్రికి చెందిన నా స్నేహితురాలి దగ్గర గోదావరి ప్రాంతపు దుద్దుకూరులో దొరికిన శిలాజ చిప్పలు ఉన్నాయి; వాటిని కూడా ఇదే పట్టికలో క్రిటేషియస్ కింద చేర్చవచ్చా?

సమాధానం 1 – విశ్రాంత అధ్యాపకుడు (కాకినాడ)

అమ్మా, మీ మూడు నమూనాలూ మంచివే, మీరు ఆగిన చోటు కూడా సరైనదే. పళ్లు లేవని కీలును వదిలేయకండి. పళ్లు ఎందుకు లేవో తెలిస్తే సగం దారి దొరుకుతుంది. నేను మొదటి నమూనా గురించి మాత్రమే వివరంగా రాస్తాను, మిగతా రెండింటి గురించి నాకంటె బాగా తెలిసినవారు ఈ వేదికలో ఉన్నారు.

చిప్ప బయటి ఆకారం ఆ జీవి ఎలా బతికిందో చెబుతుందే తప్ప ఎవరి బంధువో చెప్పదు. మెత్తటి బురద అడుగున కదలకుండా పడి ఉండే ఆల్చిప్పకు, కింది చిప్ప లోతుగా, బరువుగా ఉబ్బి, పైచిప్ప మూతగా పలచబడితే అంచు బురదకు పైన నిలుస్తుంది, నీరు లోపలికి ఆడుతుంది. జురాసిక్‌లో విరివిగా బతికిన గ్రైఫియాది ఈ ఆకారమే. దానితో దగ్గరి సంబంధం లేని ఇతర ఆల్చిప్పల శాఖలలో వేరువేరుగా మళ్లీ మళ్లీ వచ్చింది. అందుకే పందొమ్మిదో శతాబ్దపు పుస్తకాలలో ఇలా ఉబ్బిన ప్రతి ఆల్చిప్పా గ్రైఫియా అయిపోయింది. 1871లో ఫెర్డినాండ్ స్టోలిచ్కా దక్షిణ భారత క్రిటేషియస్ చిప్పలపై భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తరఫున వెలువరించిన బృహద్గ్రంథం ఇప్పటికీ మనకు ఆధారమే. అయితే అందులోని ప్రజాతుల పేర్లు ఆ కాలపు అవగాహనకు చెందినవి. చిత్రాలు, వర్ణనలు ఎంత నిక్కచ్చిగా ఉంటాయంటే, మీ నమూనాను ముందు ఆ చిత్రాలతో పోల్చి, ఆ తర్వాతే పేరును నేటి పద్ధతికి మార్చుకోమని నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను.

ఇక గుర్తుపట్టే విధానం. ముందు చిప్ప లోపలి వైపును శుభ్రం చేయండి. ఆమ్లం వాడకండి, అది రాతితో పాటు చిప్పనూ తినేస్తుంది. తడి బ్రష్షు, సూది చాలు. చిప్పలను మూసే కండరం అతుక్కున్న మచ్చ ఎక్కడ ఉందో, ఏ ఆకారంలో ఉందో చూడండి. ఆల్చిప్పలలో ముందువైపు కండరం అంతరించి, ఒక్క వెనుక కండరమే మిగిలింది కనుక మచ్చ ఒకటే ఉంటుంది. అది మూత్రపిండం ఆకారంలో, ఒకవైపు నొక్కుకుపోయి ఉంటే ఆస్ట్రియిడే కుటుంబం వైపు, గుండ్రంగా ఉంటే గ్రైఫియిడే కుటుంబం వైపు ఆలోచించాలి. గ్రైఫియిడేలో పిక్నోడాంటే ఉండే పిక్నోడాంటినే ఉపకుటుంబంలో ఈ గుండ్రటి మచ్చ కీలుకు బాగా దగ్గరగా జరిగి ఉంటుంది.

తర్వాత కీలుకు ఇరువైపులా చిప్ప లోపలి అంచును పదింతలు పెద్దది చేసి చూపే చేతి కటకంతో పరిశీలించండి. అక్కడ చిన్న చిన్న గట్లు, వాటికి ఎదురు చిప్పలో సరిపోయే గుంతలు ఉండవచ్చు. వీటిని కోమాటా అంటారు. అవి పొట్టిగా, సూటిగా కాకుండా పురుగు పాకినట్టు మెలికలు తిరిగి ఉంటే అది పిక్నోడాంటే వర్గానికి బలమైన గుర్తు.

మూడోది, అన్నింటికంటె నమ్మదగినది, చిప్ప నిర్మాణం. విరిగిన ముక్క ఒకటి తీసుకుని, చిప్పకు అడ్డంగా కోసి నునుపు చేయండి. గ్రైఫియాలో పలచని కాల్సైట్ రేకులు ఒకదానిపై ఒకటి గట్టిగా పేర్చినట్టు కనిపిస్తాయి. పిక్నోడాంటేలో ఆ రేకుల మధ్య మధ్య బోలు గదులతో నిండిన పొరలు ఉంటాయి. శిలాజమయ్యేటప్పుడు ఆ గదులలో కాల్సైట్ స్ఫటికాలో, సన్నని బురదో చేరుతుంది కనుక నునుపు చేసిన ముఖంపై అవి మామూలు కంటికే మచ్చల మచ్చలుగా కనబడతాయి. బురదలో పడి ఉండే జీవికి తక్కువ పదార్థంతో మందమైన చిప్పను కట్టుకోవడానికి ఇది వీలు కల్పించి ఉంటుంది. ఆల్చిప్పల వర్గీకరణలో ఈ లక్షణాల విలువను శిలాజ శాస్త్రవేత్త స్టెన్‌జెల్ 1971లో విపులంగా నిర్ధారించిన తర్వాతనే గ్రైఫియినే, పిక్నోడాంటినే, ఎక్సోజైరినే అన్న మూడు ఉపకుటుంబాల హద్దులు స్థిరపడ్డాయి. మీ చిప్ప ముక్కు (కీలు దగ్గరి మొన) పక్కకు చుట్ట తిరిగి ఉంటే ఎక్సోజైరా కూడా పరిశీలనలోకి వస్తుంది, కానీ మీ వర్ణనలో ఆ సూచన లేదు.

పళ్లు లేకపోవడం గురించి ఒక మాట. ఆల్చిప్ప పిల్లదశలో కీలుకు పళ్లు ఉంటాయి, పెద్దయ్యాక ఉండవు. రాతికో, మరో చిప్పకో అతుక్కునో, బురదలో కదలకుండానో బతికే జీవికి చిప్పలు పక్కకు జారకుండా ఆపే పళ్ల అవసరం తగ్గుతుంది. మరికొన్ని శాఖలలోనూ ఇలాగే పళ్లు పోయాయి. లేని లక్షణాన్ని ఆధారం చేసుకుని బంధుత్వం కట్టడం ప్రమాదకరమని విద్యార్థులకు నొక్కి చెప్పవలసి ఉంది.

సమాధానం 2 – సూక్ష్మ శిలాజ పరిశీలకుడు (చెన్నై)

మాస్టారు చెప్పిన దానికి కొనసాగింపుగా రెండో నమూనా గురించి రాస్తున్నాను. నా ఉద్యోగమంతా చమురు బావుల నుంచి వచ్చే రాతి తునకలను కడిగి, వాటిలోని సూక్ష్మ శిలాజాలను చూడడమే కనుక, మీరు వర్ణించిన ఆ నిలువు పోగులు నాకు దాదాపు ప్రతి క్రిటేషియస్ నమూనాలోనూ ఎదురవుతాయి. మీ దగ్గర ఉన్నవి ఇనోసెరామిడే కుటుంబపు చిప్ప ముక్కలు కావడానికే అవకాశం ఎక్కువ.

ముందు సహాధ్యాయుల సందేహం తీర్చండి. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేస్తే కాల్సైట్ పొంగుతుంది, జిప్సం పొంగదు. పొంగితే అది కాల్సైట్ సిర కాదని కూడా తేల్చుకోవాలి: సిర రాతి పొరలను కోసుకుంటూ పోతుంది, మందం ఇష్టం వచ్చినట్టు మారుతుంది, చిప్ప ముక్క పొరలకు సమాంతరంగా పడి ఉంటుంది, దాని ఉపరితలంపై ఒక కేంద్రం చుట్టూ తిరిగే ముడతలు కనిపిస్తాయి. అప్పటికీ అనుమానం ఉంటే పలచని రాతి ఛేదం తీయించండి. ఉపరితలానికి సమాంతరంగా కోస్తే పోగుల అడ్డుకోతలు బహుభుజులుగా ఒకదానినొకటి ఆనుకుని కనిపిస్తాయి; నిలువుగా కోస్తే పక్కపక్కనే పేర్చిన అగ్గిపుల్లల వరుసలా ఉంటాయి. ధ్రువణ సూక్ష్మదర్శినిలో వేదికను తిప్పినప్పుడు ఒక్కో పోగూ మొత్తంగా ఒకేసారి చీకటి అవుతుంది, ఎందుకంటే ప్రతి పోగూ ఒకే కాల్సైట్ స్ఫటికం.

పూర్తి చిప్ప ఎందుకు దొరకదన్నదానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఇనోసెరామస్ చిప్పకు బయట కాల్సైట్ పోగుల పొర, లోపల ముత్యపు మెరుపుగల అరగొనైట్ (కాల్సైట్‌లాగే కాల్షియం కార్బొనేట్, స్ఫటిక రూపం వేరు) పొర ఉండేవి. అరగొనైట్ త్వరగా కరిగిపోతుంది కనుక లోపలి పొర పోయి, దానితో పాటు కండరపు మచ్చల వంటి లోపలి గుర్తులూ పోతాయి. మిగిలిన పోగుల మధ్య ఉన్న సేంద్రియ పొర కుళ్లగానే అవి నిలువునా విడిపోతాయి. కొన్ని పొరలలో సముద్రపు అడుగు మట్టిలో గణనీయమైన భాగం ఈ విడి పోగులే అయి ఉంటుంది. పిన్నా వంటి ఇతర జీవులకూ ఇలాంటి పోగులు ఉంటాయి. కాబట్టి ఒక్క పోగును చూసి పేరు పెట్టకుండా, పొర మందాన్నీ, ముడతలనూ కలిపి చూసి నిర్ణయించడం మంచిది. ఏ ముక్కకైనా కీలు భాగం మిగిలి ఉందేమో ఓపికగా వెతకండి. ఇనోసెరామిడేకు పళ్లు ఉండవు, కానీ కీలు పొడవునా వరుసగా చిన్న చిన్న బంధకపు గుంతలు (చిప్పలను కలిపి ఉంచే సాగే బంధకం ఇమిడే గుంతలు) ఉంటాయి. అది కనిపిస్తే ఇక సందేహం అక్కరలేదు.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, క్రిటేషియస్ కాలమానంలో ఈ కుటుంబానికి ఉన్న స్థానం మరే చిప్పల కుటుంబానికీ లేదు. జాతులు త్వరత్వరగా మారాయి, లార్వాలు సముద్రమంతా వ్యాపించాయి, అందువల్ల దూరదూరపు శిలలను ఒకే కాలానికి కట్టడానికి ఇవి అమ్మోనైట్ల తర్వాత అంతగా ఉపయోగపడతాయి. క్రిటేషియస్‌లోని కోనియాసియన్ దశ ఆరంభాన్ని క్రెమ్నోసెరామస్ డిఫార్మిస్ ఎరెక్టస్ మొదటిసారి కనిపించిన మట్టంతోను, శాంటోనియన్ ఆరంభాన్ని ప్లాటిసెరామస్ అండ్యులాటోప్లికేటస్ మొదటిసారి కనిపించిన మట్టంతోను అంతర్జాతీయంగా నిర్వచించారు. రెండో దానికి ప్రమాణ స్థలం స్పెయిన్‌లోని ఒలాజగుటియా, మొదటి దానికి జర్మనీలోని సాల్జ్‌గిట్టర్-సాల్డర్. ఇదే ప్లాటిసెరామస్‌లో మూడు మీటర్ల వరకు పెరిగిన చిప్పలు కూడా ఉన్నాయి.

కల్లంకురిచ్చి సున్నపురాయి క్రిటేషియస్‌లో చివరిదైన మాస్ట్రిక్టియన్ దశ తొలి భాగానికి చెందింది. డైనోసార్లతో పాటు ఇనోసెరామిడ్లూ 6.6 కోట్ల ఏళ్ల కిందట ఒక్కసారిగా పోయాయని విద్యార్థులు రాస్తుంటారు; అది సరికాదు. ఇనోసెరామిడ్లలో అధిక భాగం అంతకు సుమారు 20 లక్షల ఏళ్ల ముందే, మాస్ట్రిక్టియన్ మధ్యలోనే కనుమరుగయ్యాయి, టెన్యూయిప్టేరియా వంటి చిన్న రూపాలు మాత్రమే చివరిదాకా నిలిచాయి. అంటే మీ చేతిలో ఉన్న ముక్కలు ఆ కుటుంబపు చివరి రోజులవి. వాటిని పై పొరలలో వెతికినప్పుడు ఎక్కడ ఆగిపోయాయో కొలతతో సహా రాసుకుంటే మీ వ్యాసానికి మంచి బలం వస్తుంది. అయితే విడి పోగులు గట్టివి. పాత పొర కోతకు గురైనప్పుడు కొట్టుకువచ్చి కొత్త పొరలో చేరగలవు. కాబట్టి విడి పోగుల కంటె ముడతలున్న ముక్కలనే లెక్కలోకి తీసుకోండి.

సమాధానం 3 – ప్రాణిశాస్త్ర పరిశోధకురాలు (మెల్‌బోర్న్)

మూడో నమూనా చూడగానే రాయకుండా ఉండలేకపోయాను. క్రిటేషియస్ సముద్రాలలో విరివిగా బతికిన ట్రైగోనియిడ్లలో నేటికి మిగిలినది నియోట్రైగోనియా అనే ఒక్క ప్రజాతి, అదీ ఆస్ట్రేలియా తీరజలాలలో మాత్రమే. ఐరోపాలో శిలాజంగానే తెలిసిన ఈ సమూహానికి చెందిన సజీవ జాతిని లామార్క్ 1804లో వర్ణించాడు. మన గోదావరి, కృష్ణా కాలువలలోనూ చెరువులలోనూ దొరికే లామెల్లిడెన్స్ వంటి మంచినీటి ఆల్చిప్పలు దీనికి నేటి జీవులలో అత్యంత సన్నిహిత బంధువులు. రెండింటినీ కలిపి పేలియోహెటిరోడాంటా అనే పెద్ద సమూహంలో చేర్చడం మొదట చిప్పల ఆధారంగానే జరిగింది. ఆ తర్వాత జన్యు పరిశీలనలు దాన్ని బలపరిచాయి. వాటి చిప్పల లోపలి ముత్యపు పొర రెండింటిలోనూ చూడవచ్చు.

ఆ ముత్యపు పొర అరగొనైట్. మీ ఇసుకరాయిలో చిప్ప పూర్తిగా కరిగిపోయి అచ్చు మాత్రమే మిగలడానికి, మీ సున్నపురాయిలో ఆల్చిప్పలు చెక్కుచెదరకుండా ఉండడానికి తేడా ఇదే: మొదటిదానిది అరగొనైట్, రెండోదానిది కాల్సైట్. ఒక పొరలో ఆల్చిప్పలే దొరికాయి కాబట్టి అక్కడ అవే బతికాయని తేల్చేయకూడదు. అరగొనైట్ చిప్పల జీవులు అచ్చులుగా కూడా మిగలకుండా పోయి ఉండవచ్చు.

అచ్చును చదివేటప్పుడు ముందుగా అది ఏ అచ్చో తేల్చుకోండి. బురద చిప్ప లోపల నిండి గట్టిపడితే లోపలి అచ్చు, చిప్ప బయటి వైపు రాతిపై ముద్ర పడితే బయటి అచ్చు. లోపలి అచ్చులో అన్నీ తిరగబడతాయి: చిప్పలో పల్లమైన కండరపు మచ్చ అచ్చుపై గుబ్బగా లేస్తుంది, చిప్పలో పైకి లేచిన పన్ను అచ్చుపై గాడిగా మారుతుంది. ట్రైగోనియిడ్ల చిప్ప మందమైనది కనుక బయటి గీతలు మామూలుగా లోపలి అచ్చుపై కనబడవు. మీ నమూనాలో ఒకే ముఖంపై గీతలూ, కండరపు గుబ్బలూ రెండూ కనిపిస్తే అది మిశ్రమ అచ్చు. అంటే రాయి పూర్తిగా గట్టిపడకముందే చిప్ప కరిగిపోయి, బయటి ముద్ర లోపలి అచ్చుపైకి నొక్కుకుపోయింది.

కీలు కోసం అచ్చులో ముక్కు కింది గాడిలోకి మెత్తటి ప్లాస్టిసిన్‌ను నెమ్మదిగా నొక్కి బయటికి తీయండి. కోట్ల ఏళ్ల కిందట కరిగిపోయిన పళ్లు మీ వేళ్ల మధ్యకు తిరిగి వస్తాయి. ఎడమ చిప్పలో మధ్యన చీలిన పెద్ద పన్ను, కుడి చిప్పలో విడిపోయి వెళ్లే రెండు పళ్లు, వాటి పక్కలపై అడ్డంగా వరుసలు తీరిన సన్నని గట్లు కనిపిస్తే అది ట్రైగోనియిడే కాదనడానికి వీలుండదు. ఆ సన్నని గట్లను మొదటిసారి చూసిన విద్యార్థి ఎవరైనా వాటిని మరచిపోవడం నేను చూడలేదు.

కుటుంబం తేలాక ప్రజాతి వస్తుంది. అసలు ట్రైగోనియాలో చిప్ప పార్శ్వంపై గీతలు అంచుకు సమాంతరంగా వంపు తిరుగుతాయి, వెనుక భాగంలో మాత్రం ముక్కు నుంచి కిరణాలుగా సాగుతాయి. క్రిటేషియస్‌లో ఎక్కువగా దొరికే టెరోట్రైగోనియాలో చిప్ప వెనుక భాగం కొడవలిలా సాగి ఉంటుంది, పార్శ్వపు గీతలు ఏటవాలుగా ఉంటాయి. పాత పట్టికల్లో ట్రైగోనియాగా ఉన్న అనేక క్రిటేషియస్ జాతులు, లామార్క్ వర్ణించిన స్కాబ్రాతో సహా, ఇప్పుడు టెరోట్రైగోనియాలో ఉన్నాయి. ఇంకొక జాగ్రత్త: ముక్కు చూపే దిక్కే ముందువైపు అని పుస్తకాలలో ఉంటుంది; ట్రైగోనియిడ్లలో ఎక్కువ వాటికి ముక్కు వెనక్కి తిరిగి ఉంటుంది. ఆ సూత్రాన్ని ఇక్కడ వాడితే ఎడమ చిప్ప కుడిదైపోతుంది.

ఏ పద్ధతి అనుసరించాలన్న మీ ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. కీలు ఆధారిత విభజన 1883లో నాయ్‌మాయర్ ప్రతిపాదించినది. మొప్పల ఆధారంగా పెల్సెనీర్ మరో విభజన చేశాడు, కానీ శిలాజానికి మొప్పలు ఉండవు. కీలు, చిప్ప నిర్మాణం, కండరాలు, మొప్పలు అన్నింటినీ కలిపి చూసి న్యూయెల్ 1965లో ఆరు ఉపవిభాగాలు ఏర్పరచాడు; 1969 నుంచి శిలాజ శాస్త్రవేత్తల చేతి గ్రంథాలన్నీ దాదాపు దాన్నే అనుసరించాయి. 2010 తర్వాత జన్యు ఆధారాలను కలుపుకుని వచ్చిన పథకాలలో ప్రోటోబ్రాంకియా, ఆటోబ్రాంకియా అన్న రెండు పెద్ద కొమ్మలు నిలిచాయి. రెండోదానిలో టేరియోమార్ఫియా ఒకవైపు, పేలియోహెటిరోడాంటా, ఆర్కిహెటిరోడాంటా, యూహెటిరోడాంటా మరోవైపు ఉన్నాయి. పూర్వం ప్రత్యేక ఉపవిభాగంగా ఉన్న అనోమలోడెస్మాటా ఇప్పుడు యూహెటిరోడాంటా లోపలికి చేరింది.

మీ మూడింటికి ఈ మార్పుల వల్ల వచ్చే చిక్కు చాలా తక్కువ. ఆల్చిప్ప రెండు పద్ధతులలోనూ టేరియోమార్ఫియాలోనే ఉంది, ట్రైగోనియిడ్ రెండింటిలోనూ పేలియోహెటిరోడాంటాలోనే ఉంది. ఇనోసెరామిడే ఒక్కటే వివాదంలో ఉంది: అత్యధికులు దాన్ని టేరియోమార్ఫియాలో ఉంచుతారు, 1998లో మాత్రం ఇద్దరు పరిశోధకులు అది క్రిప్టోడాంటా అనే మరో సమూహానికి చెందుతుందని వాదించారు. సజీవ వారసుడు లేని కుటుంబం కనుక జన్యువుల సాయం ఇక్కడ అందదు. కాబట్టి కొత్త పథకాన్ని అనుసరించి, కీలు రకాల పేర్లను వర్ణనలో మాత్రమే వాడండి. డిసోడాంట్, స్కిజోడాంట్ అన్నవి ఇప్పటికీ పనికివచ్చే వర్ణన పదాలే. వాటిని సమూహాల పేర్లుగా వాడడమే చెల్లదు.

శిలారేఖ

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేసి చూశాను. పలకల ముక్కలు ఆమ్లం చుక్కకు పొంగాయి; ఒకదానిపై ముడతలు స్పష్టంగా ఉన్నాయి, కీలు భాగం మాత్రం ఇంకా దొరకలేదు. ఇసుకరాయి అచ్చులోకి ప్లాస్టిసిన్ నొక్కి తీస్తే చీలిన పన్ను, దాని పక్కన సన్నని గట్లు బయటపడ్డాయి. మా ప్రయోగశాలలో ఉన్నవారంతా వచ్చి చూశారు. పార్శ్వపు గీతలు ఏటవాలుగా ఉన్నాయి, వెనుక భాగం సాగి ఉంది.

ఆల్చిప్పను కోసి నునుపు చేయగా బోలు గదుల పొరలు రెండు చోట్ల కనిపించాయి. కండరపు మచ్చ గుండ్రంగానే ఉంది. కానీ కీలు పక్కన ఉండవలసిన మెలికల గట్లు బాగా అరిగిపోయాయి, ఉన్నాయని ఖచ్చితంగా రాయలేను. ఈ పరిస్థితిలో జాతి పేరు రాయవచ్చా? దుద్దుకూరు చిప్పల మాట కూడా దయచేసి చెప్పండి.

విశ్రాంత అధ్యాపకుడు (కాకినాడ)

చాలా సంతోషం అమ్మా. గదుల పొర, గుండ్రటి మచ్చ రెండూ ఉంటే పిక్నోడాంటే అని ప్రజాతి వరకు ధైర్యంగా రాయండి. అరిగిన గట్ల గురించి ‘సంరక్షణ బాగా లేనందున గమనించలేకపోయాము’ అని వర్ణనలో ఒక వాక్యం చేర్చండి. లేదని రాయడం వేరు, కనబడలేదని రాయడం వేరు.

జాతి పేరు విషయంలో పొర ఒకటే కాబట్టి వెసిక్యులారిస్ అయి ఉంటుందని అనుకోవడం సహజం, కానీ చోటును బట్టి జాతి పేరు పెట్టే అలవాటు మంచిది కాదు. మీ నమూనాలలో లోతైన చిప్ప ఎత్తు, పొడవు, ఉబ్బు కొలిచి, స్టోలిచ్కా చిత్రాలతోనూ ఇటీవలి వర్ణనలతోనూ పోల్చండి. ఈ జాతిలో అతుకు చిన్నదైతే చిప్ప బాగా ఉబ్బుతుంది, పెద్ద వస్తువుకు అతుక్కుని పెరిగితే చదునుగా ఉంటుంది. ఆ తేడాలను వేరే జాతులుగా భ్రమపడే ప్రమాదం ఉంది కనుక ఒక్క నమూనాతో ఆగకుండా ఒకే పొరలోని పలు చిప్పలను కలిపి చూడాలి. పోలిక సరిపోతే పూర్తి పేరు, దగ్గరగా ఉండి ఖచ్చితం కాకపోతే పేరుకు ముందు ‘పోల్చదగినది’ అని తెలిపే అంతర్జాతీయ సంక్షేప చిహ్నం, అదీ కుదరకపోతే ప్రజాతి పేరు పక్కన ‘నిర్ధారించని జాతి’ అన్న గుర్తు వాడతారు. ఇనోసెరామిడ్ ముక్కలను కీలు దొరికేదాకా కుటుంబం దగ్గరే ఆపండి. అంతకు మించి ముందుకు వెళ్లడానికి మీ దగ్గర ఆధారం లేదు, ఉన్నంతవరకు రాయడంలో చిన్నతనం ఏమీ లేదు.

పూర్తి పేరు రాసేటప్పుడు కర్త పేరు చుట్టూ ఉండే కుండలీకరణలను వదిలేయకండి. లామార్క్ 1806లో ఈ జాతిని ఆస్ట్రియా ప్రజాతిలో వర్ణించాడు, తర్వాతివారు గ్రైఫియాలోకి, ఆపైన పిక్నోడాంటేలోకి మార్చారు. పిక్నోడాంటే వెసిక్యులారిస్ (లామార్క్, 1806) అని కుండలీకరణలతో రాస్తే జాతిని మొదట వేరే ప్రజాతిలో వర్ణించారని చదివేవారికి అర్థమవుతుంది. మీ మ్యూజియం పాత చీటీని తీసేయవద్దు. దాని పక్కన కొత్త చీటీ పెట్టి, తేదీ, నిర్ణయించినవారి పేరు, ఏ ఆధారంతో మార్చారో రాయండి. పాత చీటీ మీద ఊరి పేరు, పొర పేరు ఉంటే, అవి మరెక్కడా దొరకని సమాచారం కావచ్చు.

దుద్దుకూరు విషయం. అక్కడ దక్కన్ లావా కింద ఉన్న సముద్రపు సున్నపురాయి, టరిటెల్లా నత్తలతో నిండినది, మాస్ట్రిక్టియన్ చివరి భాగానికి చెందుతుంది. అందులోని చిప్పలను క్రిటేషియస్ కింద చేర్చవచ్చు. కానీ రాజమండ్రి పక్కన కాతేరులోను, గోదావరికి ఆవలి పంగిడి ప్రాంతపు గనులలోను లావా ప్రవాహాల మధ్య చిక్కిన పొరలు ఉన్నాయి. వాటిలోని సూక్ష్మ ఫొరామినిఫెరా (గవచం కట్టుకునే ఏకకణ జీవుల శిలాజాలు) ఆధారంగా 2008లో గెర్టా కెల్లర్ బృందం వాటిని డేనియన్ దశ ఆరంభానికి, అంటే క్రిటేషియస్ ముగిసిన వెంటనే వచ్చిన కాలానికి చెందినవిగా చూపింది. నాగపూరులో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 1860లో ఈ ప్రాంతపు చిప్పలను వర్ణించినప్పటి నుంచి లావా కింది పొరలనూ, మధ్య పొరలనూ కలిపి మాట్లాడే అలవాటు చాలామందిలో ఉంది. మీ స్నేహితురాలిని ఆ చిప్పలు లావాకు కింద దొరికాయా, మధ్యన దొరికాయా అని ముందు అడగండి. రాయి ముక్క అంటుకుని ఉంటే ఇంకా మంచిది. దాన్ని కడిగి ఫొరామినిఫెరా చూస్తే, ఆ చిప్పలు మీ పట్టికలో ఏ గడిలోకి వస్తాయో తేలిపోతుంది.